ఎడమ పక్క తలుపు

ఆ కారుకి రెండే సీట్లు. మా ఇంట్లో ఈ సంగతి ఆఖరి రోజు దాకా ఎవరూ పైకి అనలేదు గానీ, నేను మాత్రం మొదటి చూపులోనే గమనించాను. ఒకటి బాబాయిది. మరి రెండోది?

అప్పుడు నేను బెజవాడలో బి.ఏ. చదువుతున్నాను. అమ్మా నాన్నా దివిసీమలో మిషన్ బడి పంతుళ్ళు. అక్కడ కాలేజీ లేదు కనక నన్ను బాబాయి వాళ్ళింట్లో ఉంచారు. పిన్ని ఆసుపత్రిలో నర్సు. బాబాయికి ఆటోనగర్‌లో రేకుల షెడ్డు ఉండేది. లారీలకి క్యాబిన్లు కట్టడం, గుద్దుకున్న టాక్సీలని సాపుచేసి రంగు వెయ్యడం ఆయన పని. వాళ్ళకి పిల్లలు లేరు. నేనేమో ఇంట్లో ఉన్నానో లేనో తెలియని రకం. పిన్ని డ్యూటీకి వెళ్ళిపోతే నాకు పుస్తకం, పుస్తకం అయిపోతే డైరీ.

ఆ వేసవి సెలవుల్లో పిన్నికి పొద్దుటి డ్యూటీ పడింది. బాబాయికి మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళే పని నాకొచ్చింది. అప్పట్లో ఆటోనగర్ ఇంత కిక్కిరిసి ఉండేది కాదు. షెడ్డుకీ షెడ్డుకీ మధ్య తుమ్మకంప, అక్కడక్కడా మేకలు. సుత్తి దెబ్బల మోత మాత్రం అప్పుడూ ఇంతే. నేను క్యారేజీ బల్ల మీద పెట్టి, బాబాయి తినేదాకా గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, ఖాళీ గిన్నెలతో బస్సెక్కేసేదాన్ని.

కారు వచ్చిన రోజు నేను బస్సెక్కలేదు.

అది బందరు నుంచి లారీ మీద వచ్చింది. అక్కడ ఒక పాత బంగళా వెనక పాకలో ఏళ్ళ తరబడి పడుందట. దాని సొంతదారు మద్రాసులో ఉంటాడు. ఆయన తండ్రి వయసులో ఉన్నప్పుడు ఇంగ్లండు నుంచి ఓడ మీద తెప్పించుకున్న స్పోర్ట్స్ కారు అది. "నడిచేలా చేసి పంపండి, రంగు సంగతి ఇక్కడ నేను చూసుకుంటాను" అని ఆయన బాబాయికి కబురు పెట్టాడు. లారీ వెనక తలుపు దించగానే ముందు ఒక కోడి దిగింది. ఆ తర్వాత కారు.

టాప్ లేదు. పొడుగాటి ముక్కు. ముందు చక్రాల మీద నుంచి అలలా లేచి వెనక్కి జారిపోయిన మడ్‌గార్డులు. తలుపులు నా నడుం దాకా కూడా రావు, వాటి పై అంచు మోచెయ్యి పెట్టుకోవడానికన్నట్టు కిందికి వంగి ఉంది. తుప్పు పట్టి, కోళ్ళ రెట్టలతో, ఒక దీపం ఊడిపోయి ఉన్నా, పరిగెత్తుకుంటూ పోతున్న దాన్ని ఎవరో వెనక నుంచి పిలిస్తే ఆగినట్టుంది. మా ఊళ్ళో కార్లన్నీ కూర్చుని ఉంటాయి. ఇది నిలబడి ఉంది.

"దీన్ని మద్రాసు పంపేముందు ఒక్కసారి బందరు దాకా పోయి రావాలి" అన్నాడు బాబాయి, దాని చుట్టూ తిరుగుతూ. "తప్పులేవైనా ఉంటే రోడ్డు మీదే బయటపడాలి. అంతే, ఆ తర్వాత లారీ ఎక్కించెయ్యడమే."

ఒక్కసారి. ఒక్క సీటు. అది నాకు కావాలి అని నేను అనలేదు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే నాకు గొంతులో ఎండుకొబ్బరి ముక్క అడ్డుపడ్డట్టు ఉండేది. పిన్నిని ఇంకొంచెం పులుసు పొయ్యమని అడగడానికే రెండు ముద్దలు ఆలోచించేదాన్ని. ఆ సాయంత్రం డాబా మీద కూర్చుని డైరీలో ఆ కారు బొమ్మ వేశాను. బొమ్మలు నాకు రావు. అది మూకుడుకి చక్రాలు పెట్టినట్టు వచ్చింది.

ఆ కారు పైకి రేకే గానీ, రేకు కింద అస్థిపంజరం అంతా చెక్క. బందరు ఉప్పుగాలికి, చెదలకి ఆ చెక్క మొత్తం అటుకుల్లా రాలిపోయింది. ఇంజను పని బాబాయి చూసుకోగలడు, రేకు పనికి మనుషులున్నారు. చెక్కకి ఎవరు? వెతగ్గా వెతగ్గా బందరు అవతల సముద్రపు పల్లె నుంచి చేపల పడవలు కట్టే మేస్త్రి ఒకాయన దొరికాడు. వస్తూనే కారుని ఒక చూపు చూసి, చుట్ట చెవిలో దోపుకుని, "ఇళ్ళకి ద్వారబంధాలు చేసే వడ్రంగులకి తిన్నటి గీత తప్ప తెలవదండీ. ఒంపు కావాలంటే నేనే రావాల" అన్నాడు. ఆయనకి వినయం అన్నది ఎవరూ నేర్పినట్టు లేరు. కానీ ఆ మాట నిజమే. టేకు పలకని తడిపి, కింద పొట్టు మంట పెట్టి, మెల్లగా వంచుతుంటే అది అప్పడంలా మాట వినేది.

కారుని కదలకుండా నిలబెట్టాలన్నాడు మేస్త్రి. "మా పడవలన్నీ దిమ్మల మీదే పుడతాయి. దీన్ని కూడా దిమ్మల మీద పెట్టండి." చక్రాలు ఊడదీసి, కారు నడుము కింద వరసగా చెక్క దిమ్మలు పెట్టారు. ఆ పైన చెక్క చట్రం లేచింది. చట్రం మీద రేకు బిగించారు. మడ్‌గార్డులు ఎక్కాయి, బానెట్ మూసుకుంది. ఒంటి నిండా ఎర్ర ప్రైమరు పూశారు. ఆఖరికి తలుపులు. నేను వెళ్ళేసరికి షెడ్డులో వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు తలుపు తీసి మూస్తున్నారు. ప్రతిసారీ ఒకటే చప్పుడు. టక్. గట్టి సున్నుండ కొరికినట్టు.

"పాపా, నువ్వు కూడా ఒకసారి ఎయ్యి" అన్నాడు మేస్త్రి నన్ను చూసి.

వేశాను. టక్. ఒళ్ళంతా పాకింది ఆ చప్పుడు. ఇంకోసారి వేస్తానని అడగబోయి ఊరుకున్నాను.

"ఈ పాపకి మాటలొచ్చాండీ?" అన్నాడాయన బాబాయితో.

"వస్తాయి. పొదుపు" అన్నాడు బాబాయి.

ఇక బ్యాటరీలు. మామూలు కారుకి పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటే చాలు. దీనికి ఆరు వోల్టులవి రెండు, సీట్ల వెనక పలక కింద, ఇటొక ఇనుప తొట్టి, అటొక ఇనుప తొట్టి. ఆ తొట్లలో పట్టే బ్యాటరీ ఊళ్ళో ఎక్కడా లేదు. చివరికి వన్ టౌన్‌లో ఒక సందు లోపల, పాత నల్ల పెట్టెల్లో కొత్త ప్లేట్లు వేసి, పైన తారు పోసి అతికే కొట్టు దొరికింది. అవి తయారై, చార్జింగు ఎక్కిన రోజున బాబాయి నన్ను కూడా తీసుకెళ్ళాడు. ఆయన స్కూటరు మీద ముందు. వెనక రిక్షాలో నేను, నా పాదాల దగ్గర రెండు బ్యాటరీలు. ఒక్కొక్కటి రుబ్బురోలు పొత్రం అంత బరువు.

"ఒలకనివ్వకమ్మాయ్, అందులో యాసిడ్!" అని బాబాయి వెనక్కి తిరిగి అరుస్తూనే ఉన్నాడు. తోపుడు బండ్లు, మిరపకాయ బస్తాలు, అడ్డంగా ఆవులు. రిక్షా గుంటలో పడ్డప్పుడల్లా నేను రెంటినీ మోకాళ్ళతో అదిమి పట్టుకున్నాను. రిక్షా అతను, "ఏందమ్మా అవి, బాంబులా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అవును బాంబులే అందామనిపించింది. మర్నాడు ఓణీ ఉతికితే అంచు నిండా ఆవగింజలంత చిల్లులు. పిన్ని తిట్టింది. నేను ఆ ఓణీని పారెయ్యలేదు.

బ్యాటరీలని తొట్లలో కూర్చోబెట్టడం బాబాయి నా చేత చేయించాడు. ఆ సందులోకి ఆయన భుజం దూరలేదు, నా చెయ్యి దూరింది. ఒకదాని ప్లస్ నుంచి రెండోదాని మైనస్‌కి లావుపాటి తీగ. మిగిలిన రెండు కొసలూ కారుకి. బిగించాక కొసలకి తుప్పు పట్టకుండా వాజలీన్ పూశాను.

"హారన్ నొక్కు" అన్నాడు బాబాయి.

స్టీరింగు పక్కన, ముందు పలక మధ్యలో నల్ల బొత్తాం. నొక్కాను. కారు నోరు తెరిచి బాతులా అరిచింది! ఒక్క క్షణం షెడ్డులో అందరి సుత్తులూ ఆగిపోయాయి. తర్వాత అందరం నవ్వుకున్నాం. పక్క షెడ్డు వాళ్ళు కూడా వచ్చి చూశారు. దీపాలు వేశాడు బాబాయి. మిట్టమధ్యాహ్నం, ఎండలో, పసుప్పచ్చగా, బద్ధకంగా కళ్ళు తెరిచాయి. ఇన్నాళ్ళూ అది చెక్క, రేకు. ఇప్పుడు లోపల ఎవరో ఉన్నారు.

ఆ ఉత్సాహంలోనే చక్రాలు బిగించి, దిమ్మలు తీసేసి, కారుని నేల మీదికి దించారు. బాబాయి ఎక్కి కూర్చున్నాడు. మేస్త్రి ఎడమ పక్క కూర్చున్నాడు. రెండు తలుపులూ వేసుకున్నారు. టక్ అనలేదు. కీచుమని రాసుకుంటూ పడ్డాయి. సరేలే అనుకున్నారు. స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, సంతోషం తీరాక, బాబాయి దిగబోయాడు. తలుపు రాలేదు.

"తొయ్యండి" అన్నాడు మేస్త్రి.

"తోస్తూనే ఉన్నా."

"నా పక్కది కూడా రావట్లా."

ఇద్దరూ భుజాలతో పొడిచారు. బయటినుంచి లాగారు. లాభం లేదు. ఆఖరికి ఇద్దరూ సీట్ల మీద నిలబడి, పంచె ఒకరు, ప్యాంటు ఒకరు ఎగలాక్కుని, తలుపుల మీద నుంచి దూకారు. వాళ్ళు దిగగానే కారు వొళ్ళు విరుచుకుంది. తలుపులు వాటంతటవే కొంచెం వదులయ్యాయి.

అప్పుడర్థమైంది అందరికీ. నడుము కింద దిమ్మలున్నంతసేపూ కారు తిన్నగా ఉంది. దిమ్మలు తీసేసి, వెనక రెండు బ్యాటరీలు, సీట్లలో ఇద్దరు మనుషులు చేరేసరికి చట్రం మధ్యలో ఒక వెంట్రుకవాసి కుంగింది. ఆ కుంగుకి తలుపు సందు పైన బిగుసుకుపోయింది. దిమ్మల మీద ఖాళీ కారుకి బిగించిన తలుపులు, నేల మీద నిండు కారుకి సరిపోలేదు.

"దిమ్మల మీద పెట్టమన్నది నువ్వే కదా మేస్త్రీ."

"పడవకైతే అదే పద్ధతి."

"పడవకి తలుపులుంటాయా?"

"కారు ఒంగుద్దని మీరు చెప్పారా? కార్ల షెడ్డు మీదా నాదా?"

ఇద్దరూ కాసేపు చెరో మూలా కూర్చున్నారు. బాబాయి సిగరెట్టు కాల్చాడు, మేస్త్రి చుట్ట. పొగలు రెండూ పైన కలిశాక మేస్త్రే లేచాడు. "బరువు పెట్టి చెయ్యాల. మనుషులెక్కితే ఎంత కుంగుద్దో అంత కుంగాక, అప్పుడు సందు చూసి చిత్రిక పట్టాల."

బరువంటే ఏం బరువు? ఇసుక బస్తాలన్నాడు మేస్త్రి. కొత్త సీట్ల మీద ఇసుకా, వీల్లేదన్నాడు బాబాయి. మా ఇంట్లో రెండు బియ్యం బస్తాలున్నాయన్న సంగతి ఆయనకి గుర్తొచ్చింది. సాయంత్రం పిన్నితో ఆ మాట అనగానే ఆవిడ స్టవ్ ఆర్పి మరీ తిరిగింది. "తినే బియ్యాన్ని కోళ్ళు కాపురం చేసిన కారులో కూర్చోబెడతారా? మనుషుల్లేరా ఊళ్ళో?"

మనుషులున్నారు. కానీ షెడ్డులో అందరికీ చేతినిండా పనే. కుడి పక్క బాబాయి ఎలాగూ కూర్చుంటాడు, నడిపేది ఆయనే. ఎడమ పక్క ఖాళీగా కూర్చోవడం తప్ప వేరే పని లేని మనిషి కావాలి.

మర్నాడు క్యారేజీ పెట్టి స్టూలు మీద కూర్చోబోతుంటే బాబాయీ, మేస్త్రీ ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"అమ్మాయ్, నీకు ఇంట్లో పనేమైనా ఉందా?" అన్నాడు బాబాయి.

తల అడ్డంగా ఊపాను. అంత గట్టిగా ఎప్పుడూ ఊపి ఉండను.

అలా నేను ఆ కారులో బరువునయ్యాను. పొద్దున్నే వెళ్ళడం, ఎడమ సీట్లో కూర్చోవడం, పుస్తకం తెరవడం. మేస్త్రి తలుపు బిగిస్తాడు, సందులో కాగితం ముక్క జొనిపి లాగుతాడు, కాగితం ఎక్కడ పట్టుకుంటే అక్కడ సుద్దతో గీత గీస్తాడు, తలుపు ఊడదీసి, నా పక్కనే కారుకి ఆనించి, ఆ గీత మేరకి చిత్రిక పడతాడు. మళ్ళీ బిగిస్తాడు. మళ్ళీ కాగితం. నా మోచేతి పక్కనే టేకు పొట్టు చుట్టలు చుట్టలుగా రాలేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా ఆగి నిలబడతాను.

"కదలొద్దు పాపా."

కదిలేదాన్ని కాదు.

"పేజీ తిప్పేటప్పుడు చెప్పి తిప్పు. చెయ్యి ఊగుతుంది."

చెప్పేదాన్ని కాదు, వేలు ఎత్తి చూపించేదాన్ని. ఆయన చిత్రిక ఆపేవాడు. నేను పేజీ తిప్పేదాన్ని. మళ్ళీ మొదలు. ఒకసారి కథలో తుఫాను రాత్రి పడవ మునిగే ఘట్టం వచ్చి, వేలు ఎత్తడం మరిచిపోయి గబగబా నాలుగు పేజీలు తిప్పేశాను.

"ఏం జరుగుతోందందులో?" అన్నాడు మేస్త్రి విసుగ్గా.

పుస్తకం ఆయన వైపు తిప్పాను. ఆయనకి చదువు రాదు. "పడవ మునుగుతోంది" అన్నాను.

"ఎవడు కట్టాడంట?"

ఆ తర్వాత ఆయన చిత్రిక పడుతున్నంతసేపూ నేను పైకి చదవడం మొదలుపెట్టాను, మెల్లగా, ఆయనకొక్కడికే వినపడేలా. పడవల దగ్గర మాత్రం ఆయన ఒప్పుకునేవాడు కాదు. "అట్టా చీలదు. రాసినాయన సముద్రం చూసుండడు" అనేవాడు.

మధ్యలో ఒకరోజు మా పెద్ద మావయ్య దిగాడు. నాన్నకి, బాబాయికి అక్క మొగుడు. గుడివాడలో బట్టల కొట్టు. భారీ విగ్రహం, భారీ గొంతు. ఆయన ఇంట్లోకొస్తే వీధి చివరి వాళ్ళకి కూడా ఏం కూర వండారో తెలిసేది. షెడ్డుకొచ్చి కారు చుట్టూ తిరిగి, నన్ను చూసి, "ఇదేంట్రా, బొమ్మల కొలువులో పెట్టినట్టు పిల్లని కూర్చోబెట్టారు?" అని పెద్దగా నవ్వాడు. తర్వాత బాబాయి భుజం మీద చరిచి, "శనివారం బందరు పోతున్నావంటగా బావమరిదీ. నేనొస్తున్నా పక్కన. నల్ల కళ్ళద్దాలు కొన్నా!" అన్నాడు.

బాబాయి నవ్వి, "తప్పకుండా బావగారూ" అన్నాడు. ఇంటి పెద్దల్లుడు అడిగితే ఇంకేమంటాడు?

నేను వేలు ఎత్తకుండానే పేజీ తిప్పాను. ఆ పేజీలో ఏముందో నాకు కనపడలేదు.

శుక్రవారం సాయంత్రానికి రెండు తలుపులూ కుదిరాయి. బాబాయి కూర్చుని, నేను కూర్చుని వేస్తే టక్, టక్. కాగితం అన్ని పక్కలా ఒక్కలా జారింది. "ఇంక దీన్ని ముట్టుకుంటే పాపం" అన్నాడు మేస్త్రి.

శనివారం పొద్దున్నే అందరం షెడ్డు దగ్గర చేరాం. పిన్ని డ్యూటీ మార్చుకుని వచ్చింది. ఇంకా ఎండెక్కలేదు. ఎర్ర ప్రైమరు ఒంటితో, నలుగు పెట్టిన పెళ్ళికూతురిలా ఉంది కారు. పిన్ని కళ్ళు మూసుకుని బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది: "ప్రభువా, ఈ ప్రయాణాన్ని దీవించు. దీని చక్రాలని, దీని బ్రేకులని, ముఖ్యంగా దీని బ్రేకులని దీవించు." మేస్త్రి అందరికంటే గట్టిగా ఆమెన్ అని, జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టాడు. పిన్ని చూడనట్టు అటు తిరిగింది.

పట్టు చొక్కా, నల్ల కళ్ళద్దాలతో మావయ్య వచ్చాడు. సీట్లో కూలబడ్డాడు. కారు ఎడం పక్కకి ఒరిగి నిట్టూర్చింది. మేస్త్రి తలుపు వేశాడు. ఠంగ్ మని వెనక్కొచ్చింది. మళ్ళీ వేశాడు. వేలెడు సందు మిగిలిపోయింది. మావయ్య లోపల నుంచి లాగాడు, బాబాయి బయట నుంచి తోశాడు, పక్క షెడ్డాయన కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు.

"ఊపిరి బిగబట్టండి బావగారూ."

"బందరు దాకానా?"

"బరువు తేడా" అన్నాడు మేస్త్రి, తలుపు సందులోకి వంగి చూస్తూ. "పాప బరువుకి బిగించా. ఈయన ఇద్దరు పాపలుంటాడు."

"తాడుతో కట్టెయ్యండి" అన్నాడు మావయ్య.

"కొత్త తలుపుకి తాడా?" మేస్త్రికి రోషం వచ్చింది. "మీరు అట్టాగే కూసోండి. బందులు విప్పి, అంచు ఇంకొంచెం దించేస్తా. పొద్దెక్కేలోపల అయిపోద్ది." మొలలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

ఆ అంచు నాకు తెలుసు. దాని మీద ఎక్కడెక్కడ సుద్ద గీతలు పడ్డాయో తెలుసు. ఒక్కో గీతకి నేనెన్ని పేజీలు చదివానో తెలుసు. ఇప్పుడు మావయ్య కొలతకి దించేస్తే ఆ టక్ ఇంక ఉండదు. ఈ ప్రయాణం అయిపోతుంది, కారు లారీ ఎక్కేస్తుంది, నేను స్టూలు మీద కూర్చుని క్యారేజీ కడుక్కుంటాను. స్క్రూడ్రైవరు మొన మర మీద ఆనింది.

"విప్పొద్దు."

ఎవరన్నారా అని అందరూ చూశారు. నేను కూడా ఒక్క క్షణం వెతుక్కున్నాను.

"విప్పొద్దు మేస్త్రి గారూ" అన్నాను మళ్ళీ. ఈసారి కొబ్బరి ముక్క లేదు, ఏమీ లేదు. "ఆ తలుపు నేను కూర్చుంటే పడుతుంది. నేను ఎక్కుతాను. నాకు బందరు వెళ్ళాలనుంది. మొదటి రోజు నుంచీ ఉంది."

మావయ్య కళ్ళద్దాలు తీసేశాడు. "వార్నీ! దీనికి మాటలొచ్చే!"

"మరి చెప్పవే మొదటి రోజే?" అన్నాడు బాబాయి. ఆయన మొహం చూస్తే కోపమో సంతోషమో తెలియలేదు.

"ఆడపిల్ల, టాప్ లేని కారులో, బందరు రోడ్డు మీద..." అని పక్క షెడ్డాయన ఏదో మొదలుపెట్టాడు. పిన్ని ఆయన వైపు ఇంజెక్షను ఇచ్చేముందు చూసే చూపు చూసింది. ఆయన తన షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

"బావగారూ" అంది పిన్ని, "తలుపు మీ కోసం తగ్గాలంటే పొద్దెక్కుతుంది. మీరు తలుపు కోసం తగ్గాలంటే సంవత్సరం పడుతుంది. దిగండి." తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, నా ఓణీ కొంగు తలకి చుట్టి, గడ్డం కింద పిన్నీసు పెట్టింది. అది చిల్లుల ఓణీ. ఆవిడ చూసింది, చిల్లులు కనపడకుండా అంచు లోపలికి మడిచింది.

మావయ్య దిగాడు. దిగుతూ నల్ల కళ్ళద్దాలు నా చేతిలో పెట్టాడు. "పెట్టుకోవే, దుమ్ము. నేనూ మేస్త్రీ బస్సులో వస్తాం. బందరు బస్టాండు దగ్గర కలుద్దాం. తిరుగు ప్రయాణం మాత్రం నాదే, ఇప్పుడే చెప్తున్నా."

నేను కూర్చున్నాను. తలుపు లాక్కున్నాను.

టక్.

నాలుగు నిమ్మకాయలూ చితికాయి.

పటమట దాటాక బాబాయి గేరు మార్చాడు. ఆ కారు అప్పటిదాకా నడిచింది, ఇప్పుడు పరిగెత్తింది. నేల ఎంత దగ్గరగా ఉందంటే చెయ్యి చాపితే రోడ్డు తగులుతుందేమో. వేసవికి కాలవల్లో నీళ్ళు కట్టేసిన రోజులవి. బందరు కాలవ అడుగున మిగిలిన మడుగుల్లో గేదెలు పడుకుని, మెడలు తిప్పి మమ్మల్ని చూశాయి. బాబాయికి రెండు చేతులూ స్టీరింగు మీదే చాలకపోవడంతో హారన్ నాకప్పగించాడు. నొక్కాను. ఎడ్లబండి పక్కకి తప్పుకుంది. సైకిలు తప్పుకుంది. అవసరం లేని చోట కూడా నొక్కాను. కంకిపాడులో పిల్లలు వెంటపడి, "ఎర్ర కారు! టాప్ లేని కారు!" అని అరిచారు. వాళ్ళకి నేను చెయ్యి ఊపాను. నేను! మనుషులెవరైనా తలెత్తి చూస్తే రోడ్డుకి అవతలి పక్కకి వెళ్ళిపోయే నేను, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఊరంతటికీ చెయ్యి ఊపాను.

ఉయ్యూరులో ఆగి ముంజలు తిన్నాం. బాబాయి ఇంజను ఆపాడు. మళ్ళీ లేస్తుందో లేదో అని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మీట లాగాడు. వెనక రెండు బ్యాటరీలూ ఒక్క ఊపున పట్టుకున్నాయి.

"బాగా బిగించావమ్మాయ్" అన్నాడు బాబాయి. గాలిలో పైకి అరుస్తూ మాట్లాడాల్సి రావడం వల్లో ఏమో, ఆ రోజు మేమిద్దరం మాట్లాడుకున్నంత అంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఏ పుస్తకం చదువుతున్నావని అడిగాడు. చెప్పాను. కథ మొత్తం చెప్పమన్నాడు. అరుస్తూ చెప్పాను.

పామర్రు దాటాక ముందు ఒక బస్సు కనపడింది. దాటబోతుంటే కిటికీలోంచి ఒక పెద్ద తల బయటికొచ్చింది. మావయ్య.

"తలుపు ఉందా?" అని అరిచాడు.

"ఉంది మావయ్యా!"

ఆయన పక్క కిటికీలో మేస్త్రి. చెయ్యి చెవి దగ్గర పెట్టి, చప్పుడేమైనా వస్తోందా అని వింటున్నాడు. ఆ బస్సు మోతలో, మా ఇంజను మోతలో ఆయనకేం వినపడుతుందో! అయినా నేను ఏమీ లేదని చెయ్యి తిప్పి చూపించాను. బస్సులో జనమంతా ఆ పక్కకి వచ్చి చూశారు. హారన్ పొడుగ్గా నొక్కి బస్సుని దాటేశాం.

బందరు బస్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగేసరికి నా మొహం నిండా దుమ్ము, కళ్ళద్దాలు తీస్తే రెండు తెల్లటి గుండ్రాలు. చెవుల్లో ఇంకా గాలి. కాళ్ళు తిమ్మిరెక్కి దిగాను. నేను దిగగానే కారు కొంచెం పైకి లేచింది. తలుపు వేస్తే చిలుకు పట్టలేదు, మెల్లగా తెరుచుకుని వేలాడింది. నేను లేకపోతే అది సరిగ్గా మూసుకోదు. ఎందుకో ఆ మాటకి నాకు చెప్పలేనంత గర్వం కలిగింది.

టీ తాగుతుండగా బస్సు వచ్చింది. మావయ్య చెమట్లు తుడుచుకుంటూ దిగాడు. మేస్త్రి తిన్నగా వచ్చి తలుపు అంచు వేలితో తడిమి, రాపిడి ఎక్కడా లేదని చూసి, ఎవరూ పొగడకముందే తనే తల ఊపుకున్నాడు.

"మద్రాసు పంపేముందు అక్కడ దీని సొంతదారు ఎంత లావుంటాడో కనుక్కోవాలండీ" అన్నాడు బాబాయితో. "ఎట్టాగూ ఒకసారి విప్పాల. అదేదో ఇప్పుడే ఈయన కొలతకి విప్పేస్తే తిరుగు ప్రయాణం ఈయన చేస్తాడు." మొలలోంచి స్క్రూడ్రైవరు తీసి, టీ కొట్టాయన్ని చిన్న స్టూలు అడిగాడు.

"శెభాష్" అన్నాడు మావయ్య. "అమ్మాయ్, ఆ కళ్ళద్దాలిటు..."

కళ్ళద్దాలు ఇచ్చేశాను. టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. మేస్త్రి స్టూలు తెచ్చుకుని తిరిగొచ్చేసరికి నేను సీట్లో ఉన్నాను, ఓణీ తలకి చుట్టుకుని, పిన్నీసు పెట్టుకుని.

"దిగు పాపా, బందులు విప్పాల."

ఆయన మొహంలోకి చూసి నవ్వాను. తలుపు లాక్కున్నాను.

టక్.